ముద్ర మీద ముద్ర

రెండో చెప్పు లచ్చమ్మ దగ్గర దొరికింది.

అమీర్‌పేటలో ఆ నాలుగంతస్తుల బిల్డింగును ఊడ్చి తుడిచే మనిషి లచ్చమ్మ. మెట్ల కింద చీపుర్లు, బకెట్లు పెట్టుకునే మూలలో, ఒక సంచి అడుగున దాన్ని దాచిపెట్టింది. ఎడమకాలి తోలు చెప్పు. డిటెక్టివ్ యశస్విని దాన్ని తిప్పి చూసింది. బొటనవేలి పట్టీ తెగిపోయి ఉంది.

“పోలీసోళ్లకు ఎందుకియ్యలేదమ్మా?”

“వాళ్లు అడగలే బిడ్డా. పెద్దసారు పోయిన తెల్లారి ఊడుస్తుంటే కనబడ్డది. చెత్తల ఎయ్యబుద్ధి గాలే. రోజూ పలకరించే మనిషిదాయె.”

“ఎక్కడ కనబడ్డదో చూపిస్తవా?”

లచ్చమ్మ కొంగుతో కళ్లొత్తుకుని ముందు నడిచింది.

పెద్దసారంటే దయారత్నం. స్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యాక, ఈ బిల్డింగు మూడో అంతస్తులో గది తీసుకుని గ్రూప్స్ రాసే పిల్లలకు క్లాసులు చెప్పేవాడు. రెండు వారాల క్రితం సాయంత్రం, క్లాసులు వదిలాక, మెట్ల మధ్య పైనుంచి కిందిదాకా బావిలా ఉన్న ఖాళీలో పడిపోయాడు. ఆస్పత్రికి తీసుకెళ్తుండగా ప్రాణం పోయింది. అప్పటికి కాలికి ఒక్క చెప్పే ఉంది. మూడో అంతస్తు వరండా పిట్టగోడ ఎక్కి దూకాడని పోలీసులు రాసుకున్నారు. ఎందుకు దూకాడో కూడా రాసుకున్నారు. తండ్రి నుంచి వచ్చిన పాత వెండి నాణేన్ని ఆయన ఒక ప్రైవేటు మ్యూజియానికి ఊరికే ఇచ్చేశాడు. వాళ్లు పరీక్ష చేయించి, ఇది నకిలీదని నలుగురి ముందూ తిరిగి ఆయన చేతిలో పెట్టారు. పరువు పోయిన మనిషి ప్రాణం తీసుకున్నాడు. ఫైలు మూయడానికి ఇంతకంటే ఏం కావాలి?

మూడో అంతస్తుకూ రెండో అంతస్తుకూ మధ్య మలుపులో లచ్చమ్మ ఆగింది.

“ఇగో, ఈడ. ఈ సందుల ఇరికి ఉండె.”

యశస్విని కింద కూర్చుంది. మెట్టు అంచు పెచ్చు ఊడిపోయి, లోపలి ఇనుప చువ్వ బయటికి వచ్చింది. దానికెదురుగా రెయిలింగుకు రెండు ఊచలు లేవు. ఫ్లెక్సీ బోర్డు పైకి ఎక్కించడానికి అడ్డమొచ్చిందని ఎవరో కోసేశారు. ఆ ఖాళీకి అడ్డంగా ఒక నైలాన్ తాడు కట్టి ఉంది.

“ఈ తాడు ఆ రోజు ఉండెనా?”

“లేకుండె. సారు పోయినంక కట్టిండ్రు.”

“ఆ సాయంత్రం నీకేమన్న వినబడ్డదా? అరుపులు, గొడవ?”

“పిల్లలు వదిలే టైమాయె. గోలగోలగుండె. సారు ఎవర్నో పిల్చినట్టనిపిచ్చింది. గొంతు సారుదే. మాట సమజ్ కాలే.”

పైన వరండాలోంచి దూకేవాడి చెప్పు, కింద మెట్ల మలుపులో ఎలా ఇరుక్కుంటుంది? ఆయన దూకలేదు. దిగుతున్నాడు. అదీ మెల్లగా కాదు. పట్టీ తెగేంత విసురుగా, ఆ వయసులో పరుగున దిగుతున్నాడు. ఎవరి నుంచో పారిపోతున్నాడా? ఎవరి వెనకనో పడ్డాడా?

యశస్విని చెప్పును కవర్లో పెట్టుకుని పైకి ఎక్కింది.

గది తాళంచెవి దయారత్నం భార్య లీలాకుమారి ఇచ్చింది. పోయిన వారం ఆమె యశస్విని ఆఫీసుకు వచ్చింది. కొడుకు ఆండ్రూ బండి మీద తెచ్చి దింపాడు కానీ, ల్యాబ్‌కు టైమవుతోందని లోపలికి రాలేదు. ఆమె కుర్చీ అంచున కూర్చుని ఒక్కటే అడిగింది: “మా ఆయన ఎట్ల పోయిండో నాకు తెల్వాలె. చర్చిల నా బెంచీ మీద ఇప్పుడు ఎవరు కూసుంటలేరు. అది ఫికర్ లేదు. కానీ రాత్రి పండుకుంటే ఒకటే ఆలోచన. నాతోని ఒక్క మాట చెప్పకుంట ఆయన అట్ల పోతడా? నేను అంత పరాయిదాన్నయిన్నా ఆయనకు?”

గదిలో ప్లాస్టిక్ కుర్చీలు వరసగా ఉన్నాయి. బల్ల మీద ఫ్లాస్కు, రెండు టీ గ్లాసులు. ఒకటి అడుగు దాకా ఖాళీ. రెండోది నిండుగా పోసింది పోసినట్టే ఎండి, గోడలకు గోధుమరంగు చార కట్టింది. వచ్చినవాడు తాగాడు. పోసినవాడు ముట్టలేదు. వచ్చినవాడు పరాయివాడు కూడా కాడు. సందర్శకుల కుర్చీ ఎదురుగా కాకుండా, బల్లకు ఇవతల, ఆయన కుర్చీకి ఆనించి వేసి ఉంది. మోకాళ్లు తగిలేంత దగ్గరగా.

గ్లాసుల పక్కనే వేలెడంత ప్లాస్టిక్ డబ్బీ మూత తెరిచి పడి ఉంది. లోపల గులాబీరంగు స్పాంజి, మధ్యలో గుండ్రంగా చిన్న గుంట. నాణెం పెట్టుకునే డబ్బీ అనుకుంది. మూత మీద ఏదో స్టిక్కరు ఉండేది. గోరుతో గీకి పీకేశారు. ఆమె దాన్ని కూడా కవర్లో వేసుకుంది.

కిందికి దిగే ముందు, లీలాకుమారి తన ఫోనుకు పంపిన వీడియో మరోసారి పెట్టి చూసింది. చర్చి పిల్లల మధ్య దయారత్నం, అరచేతిలో ఆ నాణెం. కెమెరా దగ్గరికి వచ్చింది.

“ఈ బొమ్మ నహపాణుడనే రాజుది. మన గౌతమీపుత్ర శాతకర్ణి ఆయన్ని ఓడించాడు. ఓడించి, ఆయన నాణేలను కరగబెట్టలేదు. వాటి మీదే తన ముద్ర కొట్టించాడు. చూడండి, ఈ రాజు ముక్కు మీద శాతవాహనుల కొండ గుర్తు ఎట్లా కూర్చుందో.”

“అయితే ఇది ఖరాబైనట్టేనా తాతా?” అంది ఒక పిల్ల గొంతు.

“ఎందుకైతుందమ్మా? ముద్ర కొట్టే హక్కున్న చెయ్యి కొడితే పైదీ నిజమే, కిందిదీ నిజమే. తర్వాత ఎవరైనా గీకారనుకో, చిల్లు పెట్టి మెడలో వేసుకున్నారనుకో, అది దెబ్బతిన్న నాణెం. దెబ్బతిన్నంత మాత్రాన దొంగది కాదు. లేనిదాన్ని పోతపోసి, ఇదే అది అని నీ చేతిలో పెడితే, అది దొంగది.”

నవ్వాడు. నవ్వితే ఆయన కళ్లు పూర్తిగా మూసుకుపోయేవి. యశస్విని ఫోను ఆపేసింది.

*

సీఐ విజయేందర్ దగ్గర యశస్విని ఒకప్పుడు ఎస్సైగా చేసింది. ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న రోజు నుంచి ఇద్దరికీ పడదు. ఆమె స్టేషన్ గదిలోకి రాగానే ఆయన ఫోను బోర్లించి పెట్టాడు.

“మూసిన ఫైలు మీద నీకేం పని?”

“దయారత్నం జేబుల దొరికిన నాణెం ఒక్కసారి చూస్త సార్.”

ఆయన డ్రాయరు లాగి కవరు బల్ల మీదికి తోశాడు. “చూస్కో. మ్యూజియపోళ్లు నకిలీదని రాసే ఇచ్చిండ్రు. ఒక ముద్ర మీద ఇంకో ముద్ర. ట్యాంపరింగ్. నోటు మీద ఇంకో నోటు అచ్చేస్తే బజార్ల చెల్తదా?”

“రిజర్వ్ బ్యాంకే అచ్చేస్తే చెల్తది సార్.”

“ఎటకారమా?”

“కాదు. ముద్ర మీద ముద్ర ఉంటే నకిలీ అయిపోదు. రాజే కొట్టించిండు. నాసిక్ దిక్కు ఒక్క చోటనే అట్లాంటివి వేలల్ల దొరికినయ్. ఈయన తండ్రి గా దిక్కే రైల్వేల చేసిండట.” అంటూనే లెన్సు కంటికి ఆనించింది. అప్పుడే ఆమె మాట ఆగిపోయింది.

వీడియోలో కొండ గుర్తు గీతలు కత్తితో కోసినట్టుగా ఉన్నాయి. దాని కింద రాజు ముక్కు నలిగి చదునైపోయింది. పైనుంచి దెబ్బ పడితే అలాగే ఉంటుంది. పైది పదునుగా, కిందిది అణిగిపోయి. ఇందులో రెండూ ఒకే తీరున మెత్తగా ఉన్నాయి, సబ్బు బిళ్ల మీద అక్షరాల్లా. గుంటల్లో సూదిమొనంత బుడిపెలు. అంచున ఒకచోట అరగదీసి నునుపు చేసిన జాడ.

“ఇది పోతపోసింది” అంది మెల్లగా.

విజయేందర్ కుర్చీలో వెనక్కి వాలాడు. “మరి నేను చెప్పిందే అయింది గదా.”

“కాలేదు సార్. దొంగ నాణెం చేసేటోడు రాజు ముక్కు చితికిన నాణెం ఎందుకు చేస్తడు? మంచిగున్నదే చేస్తడు. దీనికి అసలుది ఒకటున్నది. దాంట్లకెళ్లి అచ్చు తీసి దీన్ని పోసిండ్రు. ఆయనకు తెల్వకుంట మార్చి, ఆయన చేతనే మ్యూజియంకు ఇప్పిచ్చిండ్రు. ఆయన దూకలే సార్. మెట్ల మీదికెళ్లి పడ్డడు. ఎవరి ఎనకనో ఉరుకుతుండె.” చెప్పున్న కవరు బల్ల మీద పెట్టింది. “ఇది మీ పంచనామాల లేదు.”

ఆయన చెప్పు వైపు చూశాడు కానీ ముట్టుకోలేదు.

“మెటల్ రిపోర్ట్ ఏమొచ్చింది సార్?”

“వెండి కాదు.”

“వెండి కాకుంటే ఏంది?”

“నీకెందుకది?”

“సార్.”

విజయేందర్ తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. “నికెల్. క్రోమియం.”

యశస్విని నాలుక తనకు తెలియకుండానే కుడివైపు వెనక దంతాన్ని తాకింది. పోయినేడు ఆ పన్నుకు తొడుగు వేయించుకున్నప్పుడు, పింగాణీదా, నికెల్ క్రోమియందా అని డాక్టరు అడిగాడు. చవకైనదే చాలంది. వారం తర్వాత ల్యాబ్ నుంచి అది వేలెడంత ప్లాస్టిక్ డబ్బీలో, గులాబీరంగు స్పాంజి మీద వచ్చింది.

ఆండ్రూ పనిచేసేది డెంటల్ ల్యాబ్‌లో. పంజాగుట్టలో. పళ్ల తొడుగులు పోతపోసే పని.

ఆమె మొహం చూసి విజయేందర్ తలూపాడు. “నీకు ఇప్పుడు సమజైంది. నాకు ఆ రిపోర్ట్ వచ్చిన రోజే సమజైంది.”

“తెల్సే ఆత్మహత్య అని రాసిండ్రా?”

“ఏం రాయమంటవ్? సచ్చినాయన వాపస్ రాడు. ఆమెకు ఆ పోరడు ఒక్కడే మిగిలిండు. ఆ ఒక్కణ్ని సుత బేడీలేసి నేనే తీస్కరావాల్నా?”

“మీరు దయ చూపిచ్చిన్ననుకుంటుండ్రు. ఆమె రోజూ రాత్రి ఏమనుకుంటుందో తెల్సా? నా మొగుడు నాకు చెప్పకుంట నన్ను ఇడిచిపెట్టి పోయిండనుకుంటుంది. బతికినన్ని రోజులు అట్లనే అనుకుంటది.”

“అనుకోని. కొడుకైతే ఇంట్ల ఉంటడు.”

“అబద్ధంతోని ఎన్ని రోజులుంటడు సార్ ఇంట్ల?”

విజయేందర్ లేచి నిలబడ్డాడు. గొంతు పెరిగింది. “అయితే పో! పోయి చెప్పు ఆమెకు. నీ కొడుకే అని నీ నోటితోనే చెప్పు. నాకు ఆ నోరు రాలే. నీకొస్తే పో.”

ఆమె చెప్పు తీసుకుని బయటికి వచ్చింది. బండి స్టార్ట్ చేయడానికి చేయి రాలేదు.

*

పంజాగుట్ట గల్లీలో, మేడ మీద రెండు గదుల పోర్షన్. యశస్విని వెళ్లేసరికి ఆండ్రూ ల్యాబ్ నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటున్నాడు. లీలాకుమారి ఆమెను కూర్చోబెట్టి, కొడుకును కూడా అక్కడే ఉండమంది.

యశస్విని చెప్పును ఆమె చేతికిచ్చింది.

“సార్ దూకలేదమ్మా.”

లీలాకుమారి ఏడవలేదు. చెప్పును ఒళ్లో పెట్టుకుని, తెగిన పట్టీని రెండు వేళ్లతో కలిపి పట్టుకుంది. కలిసి ఉంటుందేమోనన్నట్టు కొద్దిసేపు అలాగే పట్టుకుంది. “దేవా, నీకు స్తోత్రం” అంది. రెండు వారాలుగా బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలింది. “మరి ఎట్ల జరిగింది బిడ్డా?”

“మెట్ల మీద ఉరుకుతుంటే చెప్పు ఇరికింది. ఆ మలుపుల రెయిలింగు ఊచలు లేకుండె. పడిపోయిండు.”

“ఉరికిండా? మోకాళ్లు నొప్పని ఇంట్ల ఇటు చెంబు అటు పెట్టకపోతుండె. ఎందుకురికిండు?”

దీనికి జవాబు యశస్విని దగ్గర ఉంది. దారంతా ఆ మాటను ఎన్నో రకాలుగా కూర్చుకుంటూ వచ్చింది. వాటిలో ఒక్కటీ అనకుండా, సంచిలోంచి గులాబీ స్పాంజి డబ్బీ తీసి, ఆండ్రూ ముందు పెట్టింది.

ఆండ్రూ దాన్ని చూశాడు. ఒక కాలికి బూటు అలాగే ఉంది. నేల మీదికి జారి కూర్చున్నాడు.

“డాడీకే ఇద్దామనుకున్న మమ్మీ” అన్నాడు.

“ఏంది ఇచ్చేది?”

“అసలుది. మ్యూజియంకు ఇచ్చే ముందురోజు డాడీ దాన్ని చేతిల పట్టుకొని కూసున్నడు. నువ్వు పిలిస్తే సుత బువ్వకు లేవలే. అంత పాణమైతే ఎందుకిస్తున్నవ్ డాడీ అన్న. మనొక్క ఇంటిది కాదు నాయనా, అందరు చూడాలె అన్నడు. కండ్లల్ల నీళ్లున్నయ్. నాకు సైసలే. ల్యాబ్‌ల అచ్చు తీసి ఇంకోటి పోసిన. అద్దాల పెట్టెల పెట్టనీకి ఏదైతే ఏంది, ఎవరు ముట్టి చూస్తరు అనుకున్న. క్రిస్మస్ నాడు అసలుది డాడీ చేతిల పెడ్త, మస్తు ఖుషీ అయితడు అనుకున్న.”

లీలాకుమారి ఒళ్లోని చెప్పును రెండు చేతులా పట్టుకుంది.

“మ్యూజియపోళ్లు వాపస్ ఇచ్చినప్పుడు డాడీ బొటనవేలితో రాసి చూసిండట. తెల్సిపోయింది. నువ్వే చేసినవా అని వాళ్లు అందరి ముందు అడిగితే, డాడీ తల దించుకున్నడట గానీ నా పేరు చెప్పలే. రూముకు రమ్మని నాకు ఫోన్ చేసిండు. అసలుది తీస్కపోయిన. తిట్టలే మమ్మీ. ఒక్క మాట తిట్టలే. టీ పోసిండు. రేపు ఇద్దరం పోదాం, ఇది ఇచ్చి జరిగింది చెప్దాం అన్నడు. కేసైతది డాడీ, ల్యాబ్‌ల పని పోతది అన్న. నేనుంట గదా నీ పక్కన అన్నడు. నాకు భయమైంది. నాణెం జేబుల ఏస్కొని ఉరికొచ్చిన.”

“ఆయన నీ ఎనక ఉరికొచ్చిండు” అంది లీలాకుమారి. అది ప్రశ్న కాదు.

“పిలిచిండు.”

“ఏమని?”

ఆండ్రూ రెండు చేతులతో మొహం కప్పుకుని, ఆ వేళ్ల లోపలి నుంచే చెప్పాడు: “మెల్లగ నాయనా, మెల్లగ దిగు, పడతవ్ అని.”

కింద గల్లీలో ఎవరిదో బండి హారన్ మోగి ఆగింది.

“నేను ఆగలే మమ్మీ. గేటు దాటిన. అప్పుడు సప్పుడైంది. తిరిగి చూసిన. పిల్లలు లోపలికి ఉరుకుతుండ్రు. వాళ్ల సందులకెళ్లి తెల్లంగి కనబడ్డది. అది డాడీదే అని నాకు తెల్సు. తెల్సినా... నేను మెట్రో మెట్లెక్కిన.”

అంబులెన్స్ వచ్చేదాకా ఆయనకు ఊపిరి ఉందని ఆస్పత్రిలో చెప్పారు. లీలాకుమారి ఉద్యోగమంతా నర్సుగానే గడిచింది. ఆ కాసేపట్లో పక్కన ఒక మనిషి ఉంటే ఏం చేయగలడో, తల ఎలా పట్టుకోవాలో, ఎవరిని కేకేయాలో ఆమెకు తెలుసు. అడగాల్సిన ప్రశ్న ఏదో కూడా ఆమెకు తెలుసు. యశస్విని ఆ ప్రశ్న కోసం చూసింది.

లీలాకుమారి అడగలేదు.

ఆండ్రూ పర్సులోంచి కాగితం పొట్లం తీసి నేల మీద పెట్టాడు. చిన్న వెండి నాణెం. ఇద్దరు రాజుల ముద్రలూ దాని మీద ఉన్నాయి. తల్లి దాని వైపు చూడనైనా లేదు.

“ఇదంతా స్టేషన్ల చెప్తవా?” అంది.

“నన్ను తీస్కపోతరు మమ్మీ.”

“తీస్కపోతరు.” ఆమె చెప్పును పక్కన పెట్టి, వంగి, కొడుకు తల మీద చెయ్యి వేసింది. తీయలేదు. “నేనొస్త. రోజూ వస్త. ఏడ పెడితే ఆడికొస్త. కానీ మీ డాడీ దూకలేదని చెప్పేటోనివి నువ్వొక్కనివే ఉన్నవ్ నాయనా. నువ్వు చెప్పకపోతే ఆయన జిందగీ మొత్తం దూకినోడే అయితడు.”

ఆండ్రూ ఆమె మోకాళ్ల మీద తలపెట్టి, గొంతు బయటికి రాకుండా ఏడ్చాడు. చాలాసేపటికి, అవునన్నట్టు తల ఆడించాడు. అప్పుడు లీలాకుమారి ఏడవడం మొదలుపెట్టింది. భర్త పోయిన రోజు రాని ఏడుపు అది. యశస్విని లేచి బయట వరండాలోకి వెళ్లి, విజయేందర్‌కు ఫోన్ చేసింది.

ఒక్క రింగుకే ఎత్తాడు. “చెప్పిండా?”

“చెప్పిండు సార్. వాడే వచ్చి రాసిస్త అంటుండు.”

“తల్లి?”

యశస్విని కిటికీలోంచి చూసింది. లీలాకుమారి మొహం కడుక్కుని వంటింట్లోకి వెళ్లింది. కంచం తెచ్చి కొడుకు ముందు పెట్టింది. పక్కన కూర్చుని అతని రెండో బూటు లేసు విప్పుతోంది.

“అన్నం పెడుతుంది సార్.”



“తొందరేం లేదు” అన్నాడు విజయేందర్. “తిననియ్యి.”